ఎప్పుడూ పచ్చరంగే

కొత్తగా హాస్టల్లో చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! గది తాళంచెవి, మెస్ కార్డు చేతికొచ్చిన రోజే మీ ఫోన్‌కి ఒక లింకు కూడా వస్తుంది. దాన్ని ఒకచోట హెల్త్ ఫారం అంటారు, ఇంకోచోట సెల్ఫ్ అసెస్‌మెంట్ అంటారు, మరోచోట రిస్క్ చెక్ అంటారు. లోపల అడిగేవి మాత్రం ఎక్కడైనా అవే. జ్వరముందా, దగ్గుందా, ఒకరి తువ్వాలు ఒకరు వాడుతున్నారా, గదిలో ఎంతమంది పడుకుంటున్నారు, నిన్న ఎక్కడికెళ్లారు, ఎవరితో కలిసి తిన్నారు. అన్నీ నింపి చివర బటన్ నొక్కగానే ఒక రంగు వస్తుంది. పచ్చ వస్తే గేటు తెరుస్తారు. పసుపు వస్తే వార్డెన్ సార్ పిలుస్తారు. ఎరుపు వస్తే వెనక బ్లాకులో ఒంటరి గది, మూతపెట్టిన క్యారేజీ, కిటికీ అవతల ఒక వేపచెట్టు.

నేను ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి ఐదేళ్లు, మొత్తం ఏడేళ్లు హాస్టల్లో ఉన్నాను. గజ్జి మూడుసార్లు, కళ్లకలక రెండుసార్లు, కోవిడ్ రెండుసార్లు, గవదబిళ్లలు ఒకసారి, పచ్చకామెర్లు ఒకసారి వచ్చాయి. ఒక్కరోజు కూడా నా ఫోన్‌లో ఆకుపచ్చ తప్ప వేరే రంగు కనబడలేదు. కామెర్లప్పుడు కళ్లు పసుపుపచ్చ, ఫోన్ ఆకుపచ్చ. ఈ విద్య నాతోనే ఆగిపోకూడదు. నా వెనక వచ్చే ఒక్క పిల్లవాడు కూడా ఆ వేపచెట్టు గది పాలు కాకూడదు. అందుకే రాస్తున్నాను.

1. అర్ధరాత్రి నింపండి.

పొద్దున్నే నింపేవాడికి బతకడం చేతకాదు. లేచేసరికి ఒళ్లు కాలిపోతూ ఉంటే ఏం రాస్తాడు? రాత్రి 12 దాటిన మరు నిమిషమే నింపేసి పడుకోండి. తేదీ మారింది కాబట్టి అది ఈరోజు ఫారమే. ఆ వేళప్పుడు జ్వరముందో లేదో ఎవరూ చూసుకోరు. చూసుకోని జ్వరం లేనట్టే లెక్క.

కొందరు చదువుకున్న పిల్లలు ఇక్కడ ఒక మెలిక పెడతారు. కోవిడ్ అయితే లక్షణాలు బయటపడడానికి రెండు రోజుల ముందు నుంచే పక్కవాళ్లకి అంటుతుంది, ఫ్లూ అయితే ఒక రోజు ముందు నుంచే అంటుతుంది, మరి లక్షణాలు అడిగే ఫారం ఆ రోజుల్ని ఎలా పట్టుకుంటుంది అంటారు. పట్టుకోలేదు. నేను చెప్పేదీ అదే. ఎంత నిజాయితీగా నింపినా మొదటి రెండు రోజులు ఎలాగూ జారిపోతాయి. చిల్లుపడిన కుండకి మూత వెతకడం దేనికి? మిగతా పది రోజులూ కూడా పోనివ్వండి.

2. కుడివైపు గుండ్రాలు నొక్కుకుంటూ పోండి.

మా ఫారంలో "లేదు" కుడివైపే ఉండేది. ప్రశ్న చదవడం వల్ల అనుమానాలు వస్తాయి, చదవకండి. ఎప్పుడైనా ఒక ప్రశ్న తిరగేసి అడుగుతారు, "తినేముందు సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారా" అని. దానికీ "లేదు" పడిపోతుంది. కంగారుపడకండి, ఆ ఒక్కటీ నిజమే. ఒక్క నిజానికి రంగు మారదు.

3. గదికి ఒక గుమాస్తాని పెట్టుకోండి.

నలుగురు ఉంటే నలుగురూ రోజూ నింపడం దండగ. వారానికొకరు అందరి ఫారాలూ నింపేయాలి. పాస్‌వర్డులు తలుపు వెనక పెన్సిల్‌తో రాసుకోండి. మా గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. ఇద్దరికి సీటు ఉండేది, నలుగురు నాన్-బోర్డర్లు. 2020 నవంబర్‌లో యూజీసీ మార్గదర్శకాలు ఇస్తూ హాస్టల్ గదులు పంచుకోవద్దు అంది. కాబట్టి "గదిలో ఎంతమంది పడుకుంటున్నారు" అన్నచోట "ఒక్కరు" అని రాసేవాళ్లం. నిద్రపోతున్నప్పుడు ఎవడికివాడు ఒంటరే కదా! నాన్-బోర్డర్లకి అసలు ఫారమే రాదు, వాళ్లకి వచ్చిన జబ్బులు ఏ లెక్కలోకీ ఎక్కవు. వీలైతే దగ్గేవాళ్లందరినీ నాన్-బోర్డర్లుగానే ఉంచుకోండి.

4. జబ్బు పేరు రాయకండి, సాకు పేరు రాయండి.

ఫారం చివర "ఇతర వివరాలు" అని ఒక ఖాళీ పెట్టె ఉంటుంది. ఎవరైనా మీ మీద పితూరీ చేసిన రోజున ఆ పెట్టే మిమ్మల్ని కాపాడుతుంది. ఏడేళ్ల అనుభవంతో కూర్చిన పట్టిక ఇది, ఫోన్‌లో దాచుకోండి.

దగ్గు వస్తుంటే మెస్‌లో పోపు ఘాటు అని రాయండి. టైము కూడా వేయండి, ఉదయం 7:40 అని. టైము వేస్తే అబద్ధానికి కాళ్లొస్తాయి.
తుమ్ములైతే బీరువా మీద దుమ్ము దులిపాను.
గొంతు నొప్పి అయితే నీళ్లు మారాయి. మీ ఊరు పది కిలోమీటర్లే అయినా ఫరవాలేదు, నీళ్లు మారతాయి.
ఒంటినొప్పులకి క్రికెట్.
కళ్లు ఎర్రబడితే రాత్రంతా చదివాను. వార్డెన్ సార్ మెచ్చుకుంటారు కూడా.
వాసన తెలియకపోతే, మెస్ సాంబారుకి వాసన లేదని రాయండి. మిగతా పిల్లలందరూ మీకు సాక్ష్యం చెబుతారు.
పొక్కులు, దద్దుర్లు, దురద, నోటిపూత, ఇంకా పేరు తెలియనివి ఏవైనా సరే, వేడి చేసింది.

"వేడి చేసింది"ని మించిన మాట తెలుగులో లేదు. ఏ యంత్రమూ దాన్ని కొలవలేదు, ఏ పెద్దమనిషీ కాదనలేడు. మా వింగులో ఒకతనికి ఆటలమ్మ పోసింది. పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అన్నీ ఎండి పక్కులు కట్టేదాకా అది అంటుతూనే ఉంటుంది. అతను ఒక్క క్లాసు మానలేదు. ఎవరడిగినా వేడి చేసింది, మామిడిపళ్లు ఎక్కువ తిన్నాను అన్నాడు. అటెండెన్స్ ఒక్క గంట పోలేదు. ఆటలమ్మ అంటుకున్నాక బయటపడడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. సరిగ్గా ఆ లెక్కకే మా వింగులో పదకొండుమందికి ఒకేసారి వేడి చేసింది. పదకొండుమందీ మామిడిపళ్లే రాశారు. అది జనవరి నెల. అయినా పైనుంచి ఒక్క ప్రశ్న రాలేదు. మాటలో ఉన్న బలం అదీ!

5. జ్వరాన్ని గేటు దాకా మాత్రమే దాచండి.

థర్మల్ గన్ చేతిలో ఉన్న వాచ్‌మన్ అన్న కూడా మనిషే, నిలబడి నిలబడి విసుగెత్తి ఉంటాడు. నుదురు కాకుండా మణికట్టు చూపించండి. చూపించేముందు కూలర్ నీళ్ల కుళాయి కింద రెండు నిమిషాలు పెట్టి తుడుచుకోండి. ఇంకా గట్టి పని కావాలంటే ఒక 650 పారాసిటమాల్ ఉంది. నాలుగు నుంచి ఆరు గంటలు జ్వరం కనబడదు. అది దించేది జ్వరాన్నే. ఒంట్లో ఉన్నది ఒంట్లోనే ఉండి, మీతోపాటు మూడు క్లాసులూ వింటుంది, ల్యాబులో మీ పక్కవాడి భుజం మీదుగా మైక్రోస్కోపులోకీ చూస్తుంది. మీరు గేటు దాటారా లేదా అన్నదే ముఖ్యం.

6. గుంపుని ముక్కలు చేసి లెక్కకట్టండి.

ఈ చిట్కా నాకు అన్నిటికన్నా ఇష్టం. ఓపికగా చదవండి.

2020లో అమెరికాలోని జార్జియా టెక్‌లో జాషువా వైట్జ్ బృందం ఒక ఆన్‌లైన్ పటం తయారుచేసింది. ఏ కౌంటీలో, ఎంతమందితో సభ పెట్టుకుంటున్నారో చెబితే, ఆ జనంలో కనీసం ఒక్కరికైనా కోవిడ్ ఉండే అవకాశం నూటికి ఎంతో చూపించేది. వెనకున్న లెక్క ఇంటర్‌లో అందరూ చేసిందే. నూటికి ఇద్దరికి జబ్బు ఉందనుకోండి. ఒక మనిషికి లేకపోయే అవకాశం 0.98. అరవైమంది కూర్చుంటే 0.98ని అరవైసార్లు గుణించాలి. 0.30 దగ్గర తేలుతుంది. అంటే అరవైమందిలో ఎవరికీ లేకపోయే అవకాశం 30 శాతం, ఒక్కరికైనా ఉండే అవకాశం 70 శాతం.

ఐపీఎల్ ఫైనల్ రోజు టీవీ హాల్లో మేం అరవైమందిమి. 70 శాతం అని చూపిస్తే ఏ వార్డెన్ తాళం ఇస్తాడు? అందుకని ఆ పటంలో 60 అని కొట్టకండి. 6 అని కొట్టండి. 0.98ని ఆరుసార్లు గుణిస్తే దాదాపు 0.89 వస్తుంది, ఒక్కరైనా ఉండే అవకాశం 11 శాతం దగ్గరికి దిగిపోతుంది. అలాగే పదిసార్లు కొట్టండి. పది గుంపులు, పదింటికీ తలా 11 శాతం, పది పచ్చరంగులు. మా గణితం పిల్లవాడు, "అన్నా, పదీ ఒకే హాల్లో ఉంటాయి కదా, మళ్లీ కలిపి గుణించాలి కదా" అన్నాడు. కలపొద్దు అన్నాను. కలిపితేనే కదా 70 అయ్యేది!

అయితే నిజాయితీగా విడివిడిగానే ఉండాలి, అందులో నేను రాజీపడను. సుద్దముక్కతో హాల్లో నేల మీద గీతలు గీయించాను. ఆరుగురికి ఒక గడి. గడి దాటి కాలు పెట్టొద్దు, కేకలు మాత్రం ఎంతైనా వేసుకోవచ్చు. ప్రొజెక్టర్ బొమ్మ తేటగా కనబడాలని కిటికీలన్నీ మూయించి దుప్పట్లు కట్టించాను. మూడున్నర గంటల మ్యాచ్. సిక్సు కొట్టినప్పుడల్లా అరవైమందీ ఎగిరి అరిచారు గాని ఒక్కడి కాలూ గీత దాటలేదు.

ఆ పరికరం చెప్పేది గుంపులో జబ్బుమనిషి ఉండే అవకాశం ఎంత అన్నంతవరకే. మీకు అంటుతుందా లేదా అన్నది చెప్పదు. కాబట్టి ఆ ఒక్కడూ పక్క గడిలో ఉన్నాడని అనుకోండి. అన్ని గడులవాళ్లూ అలాగే అనుకోవాలి, అప్పుడు ఎవరికీ భయం ఉండదు.

7. రిస్కుని అప్పుగా వాడుకోండి.

అదే ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకే ఇంట్లో కలిసి ఉంటున్న కొందరు మైక్రోకోవిడ్ అని ఇంకో లెక్క తెచ్చారు. కోవిడ్ అంటుకునే అవకాశం పదిలక్షల్లో ఒక వంతు ఉంటే అది ఒక మైక్రోకోవిడ్. ఏడాదికి 10,000 దాటకూడదు, అంటే ఒక శాతం లోపు ఉండాలి అనుకుంటే వారానికి 200 దాకా ఖర్చుపెట్టుకోవచ్చు. బజారుకెళ్తే ఇన్ని, స్నేహితుడితో మాస్కు లేకుండా కూర్చుంటే ఇన్ని అని అది లెక్క చెప్పేది.

ఇంటి నుంచి డబ్బులొచ్చిన రోజు మీరేం చేస్తారో దీన్నీ అలాగే చేయండి. వారం బడ్జెట్టు సోమవారమే అవగొట్టండి. మంగళవారం నుంచి వచ్చే వారంవి తీయండి. ఊరికెళ్లిన రూమ్మేట్‌వి ఖాళీగా పడుంటాయి, అవీ వాడేయండి. గదిలోంచి బయటికి రాని బుద్ధిమంతుడి దగ్గర రెండు సమోసాలకి ఒక వారంవి కొనుక్కోవచ్చు. నేను 2021 మార్చి నాటికే 2026 దాకా వాడేశాను. మాస్కు ఏ రకం అని అడిగినచోట ఎన్-95 ఎంచుకోండి, జేబులో రుమాలుంటే చాలు. గది లోపలా ఆరుబయటా అంటే ఆరుబయటే. కిటికీలోంచి ఆకాశం కనబడుతోంది కదా.

8. ఒక్క పచ్చ స్క్రీన్‌షాట్ జీవితకాలం వస్తుంది.

2020 ఏప్రిల్‌లో ఆరోగ్య సేతు వచ్చింది. మే నెలకల్లా బెంగళూరులో ఒక ప్రోగ్రామర్ దాన్ని మార్చేసి, వివరాలేవీ ఇవ్వకుండానే ఎప్పుడూ పచ్చ చూపించేలా చేసుకున్నాడు. గొప్పవాడే గాని పాపం శ్రమపడ్డాడు. మనకి కోడింగు దేనికి? ఒంట్లో బాగున్న రోజున ఒక ఫొటో తీసుకుని, పైన తేదీ ఉన్న ముక్క కత్తిరించి దాచుకోండి. గేటు దగ్గర ఫోన్‌ని ఎండకి ఎదురుగా పట్టుకుని నడుస్తూనే చూపించండి. వాచ్‌మన్ అన్న రంగు చూస్తాడు, అక్షరాలు చూడడు. స్నేహితులకి కూడా పంపండి. మా వింగులో నలభైమంది ఒకే స్క్రీన్‌షాట్‌తో రెండు సెమిస్టర్లు గడిపారు. అందులో పేరు నాది, ఫొటో నాది. నలభైమందికి ఆరోగ్యం పంచిన తృప్తి నాకుంది.

9. ఎవరెవరిని కలిశారని అడిగితే, లేనివాళ్ల పేర్లు చెప్పండి.

బ్లూటూత్ ఆపేయండి. ఇంకా మంచిది, ఫోన్ గదిలో పడుకోబెట్టి మీరు బయటికెళ్లండి. జబ్బు పడ్డాడని ఎవడిదైనా పేరు బయటికొస్తే హెల్త్ సెంటర్ నుంచి ఫోన్ వస్తుంది. రెండు రోజుల్లో దగ్గరగా కలిసినవాళ్ల జాబితా అడుగుతారు. "ఎవరినీ కలవలేదు" అంటే నమ్మరు. కోర్సు మానేసినవాడు, పెళ్లై వెళ్లిపోయినామె, పోయినేడు పాసైన సీనియర్, ఇలా ఒక ఐదు పేర్లు చెప్పండి. వాళ్లకి ఫోన్లు చేస్తూ నాలుగు రోజులు గడిపేస్తారు. ఈలోపు మీరు నిజంగా కలిసినవాళ్లు హాయిగా ఇంకో పాతికమందిని కలుస్తారు. ఆ పాతికమందిలో ఎవరివల్ల ఎవరికొచ్చిందో బ్రహ్మదేవుడు కూడా తేల్చలేడు. తిలా పాపం తలా పిడికెడు. గుంపులో గోవిందయ్యని ఎవరూ వెనక బ్లాకుకి పంపలేరు.

10. నిజం రాసేవాళ్లని ముందే పట్టుకోండి.

ప్రతి వింగులో ఒకరుంటారు. మా గర్ల్స్ హాస్టల్లో ఒక చెల్లెలు ఉండేది. కాస్త దగ్గు, కాస్త నలత, అంతే. పొద్దున్నే లేచి, ప్రశ్నలన్నీ చదివి, ఉన్నదున్నట్టు నింపేసింది. ఎరుపు వచ్చింది. వెంటనే హెల్త్ సెంటర్‌కి తనే ఫోన్ చేసింది. తనతో కలిసి తిన్న ముగ్గురి పేర్లూ సరిగ్గా చెప్పింది. ఆ ముగ్గురూ గదుల్లో ఉండిపోయారు, కిటికీలు తీసిపెట్టారు, క్యారేజీలు గుమ్మం బయట పెట్టించుకున్నారు. తర్వాత ఏమైందో తెలుసా? ఏమీ కాలేదు. ఆ వింగులో ఇంకెవరూ మంచం పట్టలేదు. ఒక్క రోజు సెలవు రాలేదు. మిడ్స్ అనుకున్న తేదీకే అందరూ రాయాల్సొచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు.

ఇలాంటివాళ్లతో గొడవ పడకండి. ప్రేమగా పక్కన కూర్చుని 75 శాతం అటెండెన్స్ గురించి, కాండొనేషన్ ఫీజు గురించి, ల్యాబ్ రికార్డు గురించి చెప్పండి. ఒంటరి గదిలో వైఫై రాదని చెప్పండి. చాలావరకు దారికొస్తారు.

11. గజ్జికి మందు విడతలవారీగా రాయండి.

గజ్జి పురుగు మొదటిసారి పడితే దురద తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ వారాలన్నీ అది మీ దుప్పటి మీదుగా నడుస్తూనే ఉంటుంది. ఫారంలో "రాత్రిపూట దురద ఎక్కువగా ఉందా" అని అడుగుతారు. దోమలు అని రాయండి. ఆపుకోలేనంత అయ్యాక పెర్మెత్రిన్ క్రీము కొనక తప్పదు. డాక్టరు ఏమంటాడంటే, గదిలో ఉన్నవాళ్లందరూ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా రాసుకుని 8 నుంచి 14 గంటలు ఉంచుకోండి, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతకండి అంటాడు. ఆరుగురికి ఒకేసారి అంటే ఆరు ట్యూబులు. అంత డబ్బు ఎవరి దగ్గరుంది? ఒకే ట్యూబు కొని, వారానికొకరు చొప్పున, దురద ఉన్నచోట మాత్రమే పూసుకోండి. మొదటివాడికి తగ్గేసరికి రెండోవాడి వంతు వస్తుంది. ఆరోవాడికి తగ్గేసరికి మొదటివాడికి మళ్లీ మొదలవుతుంది. ట్యూబు ఖర్చు ఏడాది పొడవునా సమానంగా పడుతుంది. తువ్వాలు మాత్రం ఒక్కటే ఉంచుకోండి, ఆరుగురి తువ్వాళ్లు ఎవరు ఉతుకుతారు?

12. పెద్దవాళ్లు సాధించినవి చూసి ధైర్యం తెచ్చుకోండి.

ఇదంతా మన హాస్టల్ తెలివే అనుకోకండి. ఇల్లినాయ్ యూనివర్సిటీ అర్బానా-షాంపేన్ క్యాంపస్‌లో 2020 ఆగస్టు 24న క్లాసులు మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు లాలాజల పరీక్ష, సేఫర్ ఇల్లినాయ్ అని ఒక యాప్, అందులో అనుమతి ఉంటేనే భవనంలోకి ప్రవేశం. గోల్డెన్‌ఫెల్డ్, మాస్లోవ్ అనే ఇద్దరు భౌతికశాస్త్ర ప్రొఫెసర్లు కూర్చుని సెమిస్టర్ మొత్తానికి ఏడొందల దాకా కేసులు వస్తాయని లెక్కకట్టారు. పిల్లలు పార్టీలకి వెళ్తారని కూడా ముందే లెక్కలో వేసుకున్నారు, అంత జాగ్రత్తపరులు. జబ్బు ఉందని తేలాక కూడా వెళ్తారని మాత్రం వేసుకోలేదు. వెళ్లారు. యాప్‌ని తప్పించుకుని లోపలికి దూరే ప్రయత్నాలూ చేశారు. రెండు వారాలు తిరక్కుండానే ఆ అంకె దాటిపోయింది. సెప్టెంబర్ 2న యూనివర్సిటీ రెండు వారాల పాటు కట్టడి పెట్టింది, తప్పనిసరి పనులకి తప్ప గది దాటొద్దంది. భౌతికశాస్త్రాన్ని డిగ్రీ పిల్లలు ఓడించారంటే మామూలు విషయమా?

నార్త్ కరోలినా యూనివర్సిటీ చాపెల్ హిల్ పిల్లలు ఇంకా చురుకైనవాళ్లు. ఆగస్టు 10న క్లాసులు మొదలైతే, 17న డిగ్రీ క్లాసులన్నీ ఆన్‌లైన్ అని ప్రకటన తెప్పించారు. వారం రోజుల్లో!

మనవాళ్లూ తీసిపోలేదు. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న కాలేజీలు తెరిచారు, మార్చి 24 నుంచి మెడికల్ కాలేజీలు తప్ప అన్నీ మళ్లీ మూసేశారు. రెండు నెలలు కూడా నడవలేదు. మా హాస్టల్ ఖాళీ చేయించినప్పుడు నేను మెట్ల మీద నిలబడి చూశాను. ట్రంకుపెట్టెలు, బకెట్లు, చుట్టిన పరుపులు, దగ్గుకుంటూ ఆటోలెక్కుతున్న పిల్లలు. ఇంటర్నల్స్ వాయిదా, ప్రాజెక్టు వైవా వాయిదా. గేటు దగ్గర వాచ్‌మన్ అన్న చివరిసారి ఫోన్లు చూశాడు. మూడొందల మందికి మూడొందలూ పచ్చే.

13. ఇంటికెళ్లేటప్పుడు ఔట్‌పాస్ ఫారం ఇంకో రకంగా ఉంటుంది, జాగ్రత్త.

"మీ ఇంట్లో 60 ఏళ్లు దాటినవారు గాని, షుగరు, బీపీ, గుండెజబ్బు ఉన్నవారు గాని ఉన్నారా" అని అడుగుతుంది. ఉన్నారంటే పరీక్ష చేయించుకుని, ఫలితం వచ్చాక వెళ్లమంటుంది. మీ బస్సు రాత్రి తొమ్మిదింటికి. "లేరు" అని నొక్కండి. నాయనమ్మ ఇంట్లో ఉండదు, వసారాలో నవారు మంచం మీద ఉంటుంది. ఇంట్లో ఉన్నారా అంటే లేరనేగా చెప్పాలి?

బస్సులో కిటికీ పక్క సీటు తీసుకుని కిటికీ మూసేయండి, చలిగాలికి దగ్గు ఎక్కువవుతుంది. ఇంటికి చేరగానే నాయనమ్మ పక్కన కూర్చోండి. మిమ్మల్ని చూసి ఎన్నాళ్లయిందో! ముద్దలు కలిపి పెడుతుంది, తినండి. ఆవిడ గ్లాసుతోనే నీళ్లు తాగండి. పారాసిటమాల్ వేసుకుని ఉంటే మీ చెయ్యి ఆవిడకి చల్లగానే తగులుతుంది.

14. ఇంట్లోవాళ్లకి కూడా నేర్పండి.

నాలుగైదు రోజులకి నాయనమ్మ దగ్గు మొదలుపెడుతుంది. అమ్మ కంగారుపడుతుంది. మీరు పడకండి, మీ దగ్గర విద్య ఉంది. మీ ఫోన్‌లోనే ఆవిడ పేరుతో ఒక ఫారం తెరవండి. వయసు అడిగినచోట 74 బదులు 47 వేయండి, అంకెలు అవే. షుగరుందా అంటే కుడివైపు గుండ్రం. ఆయాసముందా అంటే కుడివైపు గుండ్రం. గదిలో ఎంతమంది అంటే ఒక్కరు. దగ్గుకి పోపు ఘాటు, ఒంటివేడికి వేడి చేసింది, అన్నం ఎందుకు తినడంలేదంటే నీళ్లు మారాయి. బటన్ నొక్కండి, పచ్చ వస్తుంది. ఆ స్క్రీన్‌షాట్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టేయండి. అంబులెన్సులో ఆవిడ పక్కన కూర్చున్న మీ నాన్నగారి ఫోన్‌కి అది చేరగానే ఆయనకి ఎంతో ధైర్యంగా ఉంటుంది.